కాఫీ అడిగే ఏజెంటు

ఎవరింటికి వెళ్ళినా మా తిరువూరు ఇన్సూరెన్సు ఏజెంటు ముందు కాఫీ అడిగేవాడు. కక్కుర్తి అనుకునేదాన్ని.

పిన్ని సింగపూర్‌లో చెల్లెలి ఇంటికి నెల రోజులు వెళ్తోందని, అక్కడ ఆసుపత్రి పాలైతే ఆదుకునే పాలసీ కోసం అతన్ని పిలిచాం.

"జబ్బులేమైనా ఉన్నాయా అండి? దాచితే అక్కడ బిల్లు మీరే కట్టుకోవాలి," అన్నాడు.

"ఏమీ లేవండి," అంది పిన్ని. చెబితే ప్రీమియం పెంచుతాడని మా అనుమానం.

అడిగిన కాఫీ రాగానే అతను ట్రే వంక చూశాడు. "ఆ మూత పెట్టిన గ్లాసు విడిగా ఉందే. పంచదార వెయ్యలేదా అండి?"

"అది మా అమ్మాయిదండి," అంటూ పిన్ని దాన్ని నా చేతిలో పెట్టింది. గుక్క తిప్పుకోకుండా తాగేశాను.

అతను నన్నే చూస్తున్నాడు. "అలవాటున్నవాళ్ళు మొహం అలా పెట్టరండి," అని, పిన్ని ఫారంలో షుగరు ఉందని రాశాడు.

ఆ తర్వాత అతనెప్పుడొచ్చినా మా ఇంట్లో మజ్జిగే ఇచ్చాం.