మా చాల్ పిల్లిని నేను అనాథను చేసిన వైనం

నిద్రపోతున్న పిల్లిని ఒక్క ఫొటో తీసి, దానితో చాల్ మొత్తానికీ ముఖం చూపించలేకుండా పోయిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. మా ముంబయి కామాటిపురలో జేబు కొట్టి దొరికిపోయినవాడి తరఫున మాట్లాడటానికైనా ఎవరో ఒకరు వస్తారు. ఆ రోజు నా తరఫున ఎవరూ రాలేదు. పిల్లి కూడా రాలేదు.

ముందు మా గ్యాలరీ గురించి చెప్పాలి. చాల్ అంటే మాలాంటివాళ్లు అద్దెకుండే పాతకాలం మేడ. దాని రెండో అంతస్తులో పొడుగాటి వసారా, దాని వెంట వరసగా గదులు, ఒక్కో గదీ ఒక్కో సంసారం. ఆ వసారానే మేం గ్యాలరీ అంటాం. పొద్దున తెరిచిన తలుపును పడుకునేదాకా ఎవరూ మూయరు. గుమ్మానికి పరదా వేలాడుతుంది, అంతే. పట్టపగలు తలుపు మూసి ఉందంటే లోపల జబ్బు చేసినవాళ్లయినా ఉండాలి, ఎవరి మీదైనా పట్టరాని కోపమైనా వచ్చి ఉండాలి. ఈ ముక్క మనసులో పెట్టుకోండి. తర్వాత నా నెత్తిన పడబోయేది ఇదే.

ఆ గ్యాలరీ అంతటికీ ఒకటే పిల్లి. తెల్లటి ఒంటి మీద పసుపు మచ్చలు. ఎవరిదంటే అందరిదీ. చివరి గదిలో ఒంటరిగా ఉండే పోశవ్వ దాన్ని 'రాణి' అంటుంది. ఇంట్లో మిషన్ కుట్టే లక్ష్మక్క పిల్లిని మరాఠీలో అన్నట్టే 'మాంజర్' అని పిలుస్తుంది. టాక్సీ నడిపే శంకరన్న దానికి 'మేడమ్' అని బిరుదిచ్చాడు. ఎవరు ఏ పేరుతో పిలిచినా దానికి వినబడేది గిన్నె చప్పుడొక్కటే. పోశవ్వ దగ్గర పాలు, లక్ష్మక్క దగ్గర చపాతీ ముక్కలు, శంకరన్న దగ్గర కోడి ఎముకలు, మళ్లీ పోశవ్వ దగ్గర ఎండు బొంబిల్ చేపలు. గ్యాలరీలో అది నడుస్తుంటే తలదిండుకు కాళ్లొచ్చినట్టుండేది.

అదే గ్యాలరీలో అలా గుమ్మం గుమ్మానికీ తిరిగి తినే ప్రాణి ఇంకొకటి ఉండేది. అది నేను. అమ్మ పోయాక మా గదిలో పొయ్యి వెలగలేదు. నాగ్‌పాడాలో కళ్లద్దాల దుకాణంలో పని చేసి ఇంటికొచ్చేసరికి పోశవ్వ గుమ్మంలో కంచం పట్టుకుని నిలబడి ఉండేది. "తిన్నవా?" అని ఒక్కనాడూ అడగలేదు. అడిగితే మొహమాటానికి తిన్నానంటానని ఆమెకు తెలుసు. అందుకే కంచం తెచ్చి చేతిలో పెట్టేది. అది నాకు ఎంత అలవాటైపోయిందంటే, కుళాయి తిప్పితే నీళ్లు వచ్చినట్టు, గుమ్మం ముందు నిలబడితే అన్నం వస్తుందనుకున్నాను. ఊరందరికీ కళ్లద్దాలు అమ్ముతూ, కళ్లముందున్నది చూడలేకపోయాను.

ఇక ఫోన్‌లో నా రెండో సంసారం. 'మన మూగనేస్తాలు' అనే గుంపు. తెలుగువాళ్లు ఎక్కడెక్కడి నుంచో కుక్కల ఫొటోలు, చిలకల ఫొటోలు, దూడల ఫొటోలు పెట్టి ముచ్చట్లు చెప్పుకునేవాళ్లు. నేనూ పెట్టేవాణ్ణి. మా పిల్లి మెట్ల మీద, మా పిల్లి టాక్సీ బానెట్ మీద, మా పిల్లి లక్ష్మక్క కుట్టే జాకెట్టు గుడ్డ మీద. వచ్చే లైకుల్లో ఒకటి నేను కొట్టుకున్నదే. అవతల ఎవరో కుంటి కుక్కపిల్లను పెట్టి 'దీనికెవరూ లేరు' అని రాస్తే మాత్రం కన్నీళ్ల బొమ్మలు వరద కట్టేవి. నాకు కడుపు మండిపోయింది. పాపిష్టి మనసు, కుంటి కుక్కపిల్ల మీద కూడా అసూయ పడింది!

ఒక ఆదివారం మధ్యాహ్నం, పోశవ్వ పెట్టిన బొంబిల్ మెక్కి, పిల్లి గ్యాలరీలో వెల్లకిలా పడి ఉంది. నాలుగు కాళ్లూ ఆకాశం వైపు, నాలుక కొస బయటికి, ఒక కన్ను సగం తెరిచి. అచ్చం ప్రాణం పోతున్నట్టే ఉంది. ఫొటో తీశాను. రంగులు తీసేసి నలుపు తెలుపు చేశాను. బొజ్జ కనబడకుండా కత్తిరించాను. చూడండి నా ప్రతిభ! ఆ తర్వాత ఇలా రాశాను:

'ఈ మూగజీవికి ఎవరూ లేరు. ఈ చాల్‌లో ఒక్క తలుపూ దీనికోసం తెరుచుకోదు. పిడికెడు మెతుకులు విదిల్చే చేయి లేదు. దయగలవారు ఎవరైనా దీన్ని దత్తత తీసుకుంటారా?'

సాయంత్రానికి ఫోన్ వేడెక్కిపోయింది. "అంతమంది రాక్షసుల మధ్య మీరొక్కరే దేవుడండీ" అని ఒకరు రాశారు. "అక్కడి మనుషులకు గుండెలు లేవా?" అని ఇంకొకరు. అప్పుడైనా ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. పోశవ్వ పెట్టిన జొన్నరొట్టె ఎడమ చేత్తో తింటూ, కుడి చేత్తో జవాబు రాశాను: 'ఏం చెప్పమంటారు, ఇక్కడి మనుషులే అంత.'

ఆ ముక్క రాసినప్పుడు రొట్టె గొంతులో అడ్డం పడాల్సింది. పడలేదు. మెత్తగా దిగిపోయింది. ఇవాళ తల్చుకుంటే అదే ఎక్కువ సిగ్గనిపిస్తుంది.

గుంపులో ఉన్నవాళ్లంతా ఏ వరంగల్‌లోనో విజయవాడలోనో ఉంటారని నా ధీమా. ఇక్కడే ముంబయిలో, దాదర్‌లో కూడా ఒకరున్నారని అప్పుడే తెలిసింది. బడిపంతులమ్మగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న రాజ్యలక్ష్మి గారు.

"బాబూ, మా పిల్లి ఈమధ్యే పోయింది. ఇల్లంతా బోసిగా ఉంది. మీ పిల్లిని నేను పెంచుకుంటాను. ఆదివారం వస్తాను" అని రాశారు.

"వద్దు మేడమ్, అది కరుస్తది" అని రాశాను.

"ఆకలితో ఉన్న ప్రాణి కరవదా మరి! పర్వాలేదు."

"దానికేదో జబ్బు కూడా ఉన్నట్టుంది మేడమ్."

"అయ్యో! అయితే శనివారమే వస్తాను."

"కాదు కాదు, ఆదివారమే రండి, ఇప్పుడు జర నయమైంది!"

నా అబద్ధాలన్నీ ఆమె దయలో పడి ఇంకా బలిసిపోతున్నాయి, మా పిల్లిలాగే. చిరునామా కూడా అడిగి తీసుకున్నారు. పోనీ నిజం చెప్పేద్దామా అంటే, దేవుడినన్న బిరుదు పోతుంది. చివరికొక ఉపాయం పన్నాను. ఆదివారం పొద్దున్నే నాగ్‌పాడా మలుపులో కాపు కాసి, ఆమె బస్సు దిగగానే "పిల్లి పారిపోయింది మేడమ్" అని అక్కడి నుంచే సాగనంపడం.

కాపు కాశాను. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. టీచరమ్మ దిగలేదు. ఎందుకు దిగుతారు? ఆమె అవతలి వైపు నుంచి టాక్సీలో వచ్చి, మా గల్లీలో దిగి, అక్కడ బండి కడుక్కుంటున్న శంకరన్ననే దారి అడిగారట. కాసేపటికి శంకరన్న ఫోన్ చేశాడు.

"అరే నర్సింగ్, ఏడున్నవ్‌రా? ఎవరో టీచరమ్మ వచ్చింది. బుట్ట తెచ్చింది. అనాథ పిల్లి యాడున్నదని అడుగుతుంది. మన చాల్‌ల అనాథ పిల్లి ఎవరురా?"

పరుగున వెళ్లేసరికి గ్యాలరీ నిండిపోయింది. మధ్యలో పోశవ్వ వేసిన స్టూలు మీద రాజ్యలక్ష్మి గారు, చేతిలో చాయ్, కాళ్ల దగ్గర మెత్తటి గుడ్డ పరిచిన బుట్ట. ఆ బుట్టలో అడ్డంగా, కులాసాగా, నాలుగు వైపులా పొంగిపొర్లుతూ మా పిల్లి.

"దీన్నేనా అండీ తిండి లేదన్నది?" అని టీచరమ్మ అయోమయంగా నా వైపు చూశారు. "దీన్ని లేపాలంటే ఇద్దరు మనుషులు కావాలి!"

"ఎవరన్నరు తిండి లేదని?" లక్ష్మక్క మిషన్ ఆపి లేచి వచ్చింది. "నా చపాతీ తినకుంట ఇది ఎన్నడన్న ఒక్క పొద్దు గడిపిందా?"

"ఇదుగోనమ్మా, ఈయనే రాశారు" అంటూ టీచరమ్మ ఫోన్ తీశారు. ఆపమని సైగ చేశాను. ఆమె కళ్లద్దాలు పెట్టుకుంటున్నారు, చూడలేదు. బడిలో పాఠం చదివినట్టు, స్పష్టంగా, ఆఖరి బెంచీకి వినబడేలా చదివారు. ఒక్క తలుపూ తెరుచుకోదన్న దగ్గర్నుంచి, 'ఇక్కడి మనుషులే అంత' దాకా.

గ్యాలరీలో తలలన్నీ నా వైపు తిరిగాయి.

"మేము రాక్షసులమారా?" అన్నాడు శంకరన్న, నవ్వాలో కొట్టాలో తేల్చుకోలేక. "మొన్న తిన్న కోడికూర ఏ రాక్షసుడు పెట్టిండు నీకు?"

"పిల్లి గురించి రాసిండో, తన గురించి రాసిండో అడుగు ముందు" అంది లక్ష్మక్క.

పోశవ్వ తిట్టలేదు. తిడితే బాగుండేది. మా అమ్మ తిట్టినట్టు తిడుతుంది మామూలుగా. నా వైపు చూసి, "నా తలుపు తెర్వలేదా బిడ్డా?" అని మెల్లగా అడిగింది. నేను నోరు తెరిచేలోగా గదిలోకి వెళ్లిపోయింది. పరదా కదిలింది. దాని వెనక తలుపు మూసుకుంది.

పట్టపగలు. ఆదివారం. పోశవ్వ తలుపు. వానాకాలంలో జల్లు లోపలికి కొట్టినా ఆ తలుపు మూసుండగా మేమెవరం చూడలేదు.

పిల్లి బుట్టలోంచి దిగి, వెళ్లి ఆ తలుపు ముందు కూర్చుంది. ఒకసారి అరిచింది. తెరుచుకోలేదు. వెనక్కి తిరిగి నన్ను చూసింది. దేవుడి మీద ఒట్టు, 'నీ మూలంగా నా బొంబిల్ పోయింది' అన్నట్టే ఉంది ఆ చూపు. నేను రాసిన అబద్ధాన్ని నేనే నిజం చేశాను. ఇప్పుడు ఆ తలుపు దానికోసం తెరుచుకోవడం లేదు, నాకోసమూ తెరుచుకోవడం లేదు.

వెళ్లి పిల్లి పక్కనే కూర్చున్నాను. "అవ్వా, తప్పయింది" అన్నాను.

తలుపుకు ఇంకాస్త దగ్గరగా జరిగాను.

"లైకుల కోసం రాసిన అవ్వా. బుద్ధి గడ్డి తిన్నది."

లోపల్నుంచి గొంతు వచ్చింది. "గడ్డి తిన్నదా? నీకు బువ్వ పెట్టేటోళ్లు లేరు గద, గడ్డే తిను."

గ్యాలరీలో ఎవరో కిసుక్కుమన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. పోశవ్వ నోరు విప్పిందంటే ఆశ ఉన్నట్టే.

"ఏం చెయ్యమంటవో చెప్పు అవ్వా."

"లోకమంత సూసేటట్టు అబద్ధం రాసినవ్. లోకమంత సూసేటట్టు నిజం రాయి. నాకు సదువు రాదు, గట్టిగ సదువుకుంట రాయి. ఒక్క మాట తప్పిందా, తలుపు తియ్య."

అలా నా జీవితంలో మొదటిసారి మూసిన తలుపు ముందు కూర్చుని చెప్పింది రాయడం మొదలుపెట్టాను. "నేను రాసింది అబద్ధం. ఈ పిల్లికి పాలు..."

"చెక్కర ఏసిన పాలు" అంది తలుపు.

"చక్కెర వేసిన పాలు, చపాతీ..."

"నెయ్యి రాసిన చపాతీ!" లక్ష్మక్క ఊరుకుంటుందా? "నెయ్యి యాడ పోయింది? మింగినవా?"

"మేడమ్‌కి కోడి కార్జం గూడ పెడుతనని రాయి," అన్నాడు శంకరన్న, "ఎముకలే అని రాస్తే మళ్ల నన్ను రాక్షసుడంటరు."

రాజ్యలక్ష్మి గారు స్టూలు దగ్గరికి జరుపుకుని నా భుజం మీదుగా ఫోన్‌లోకి చూస్తున్నారు. "వాక్యం పూర్తయింది, అక్కడ చుక్క పెట్టు బాబూ" అన్నారు. ముంబయిలో ఒక పిల్లి భోజనం గురించి ఇంతమంది కలిసి ఇంత శ్రద్ధగా ఎప్పుడూ రాసి ఉండరు.

"ఇంకేమన్న మిగిలిందా అవ్వా?"

"ఉన్నది. ఇది రాసినోడు గూడ ఇక్కడనే తింటడని రాయి."

రాశాను. గట్టిగా చదవబోతే గొంతు కొంచెం అడ్డుపడింది. ఆనాడు రొట్టె తింటున్నప్పుడు అడ్డుపడాల్సింది, ఇప్పుడు పడింది. మొత్తానికి చదివాను. గడియ తీసిన చప్పుడైంది. నాకంటే ముందు పిల్లి లోపలికి దూరింది.

పోశవ్వ కంచం తెచ్చి నా చేతిలో పెట్టింది. ఇంకో కంచం టీచరమ్మ చేతిలో. "బుట్ట ఖాళీగ తీస్కపోకు అమ్మా" అని, ఆవిడ వద్దంటున్నా రొట్టెలు మూటగట్టి అందులో పెట్టింది. "పిల్లిని ఇయ్యం. సూడాలనిపిస్తే ఆదివారం రా."

ఆవిడ అప్పట్నుంచీ వస్తూనే ఉన్నారు.

కథ ఇక్కడితో అయిపోతే బాగానే ఉండేది. కానీ ఆ రోజు భోజనం బరువుకి నేను గ్యాలరీలోనే నడుం వాల్చాను. పిల్లి కూడా నా పక్కనే వెల్లకిలా పడింది. రాజ్యలక్ష్మి గారు ఫొటో తీశారు. రంగుల్లోనే తీశారు, బొజ్జలు కత్తిరించకుండా. నా నోరు తెరిచి ఉంది, ఒక చెయ్యి గాలిలో ఉంది. దాన్ని గుంపులో పెట్టి, 'క్షేమం. దత్తతకు ఇవ్వబడదు' అని రాశారు. నా జన్మలో నేను పెట్టిన ఫొటోలన్నిటికీ కలిపి రాని లైకులు దానికొచ్చాయి.

కింద ఎవరో అడిగారు: "పిల్లి ముద్దుగా ఉందండీ. పక్కన పడున్న ఆ పెద్దది ఎవరిది? వీధిదా?"

టీచరమ్మ దాన్ని పైకి చదివి, నవ్వాపుకుంటూ, "ఏం రాయమంటారు?" అని పోశవ్వను అడిగారు.

పోశవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "మాదే అని రాయమ్మా."

అందుచేత, మా గ్యాలరీ కటకటాల సాక్షిగా, పోశవ్వ గుమ్మం పరదా సాక్షిగా, అందరి ముందూ ప్రమాణం చేస్తున్నాను. కడుపు నిండి పడుకున్న ఏ ప్రాణినీ ఇక మీదట నలుపు తెలుపులో ఫొటో తీయను. ఒకరి రొట్టె తింటూ వాళ్ల మీద రాతలు రాయను. ఎవరైనా ఇంకా జాలిపడి, బుట్ట పట్టుకుని మా చాల్‌కి బయల్దేరేలా ఉంటే ముందే చెబుతున్నాను: పిల్లినీ ఇవ్వరు, నన్నూ ఇవ్వరు.