పెళ్ళిచూపులకు ముస్తాబైన బస్సు

కలకత్తా వాట్‌గంజ్ తెలుగువాళ్ళందరి చేతా రెండేళ్ళపాటు రోజుకు నాలుగుసార్లు బస్సు తోయించిన ఘనత నాది. మంత్రులవల్ల కాని పని నేను ఒక్కణ్ణే, ఒక్క పొద్దున్నే చేసిపెట్టాను. ఎలాగో చెబుతాను, నవ్వండి. కాకపోతే మా అమ్మ పక్షాన నిలబడి నవ్వండి.

మా నాన్న రేవులో మూటలు మోసేవాడు. అమ్మ కార్పొరేషన్‌లో వీధులు ఊడ్చేది. ఇద్దరూ శ్రీకాకుళం సముద్రపు ఒడ్డు నుంచి వచ్చినవాళ్ళే. నేను మాత్రం కలకత్తాలో పుట్టి, బీకాం పాసై, ఉద్యోగం దొరక్క, పేటలో అందరికీ అర్జీలు రాసిపెడుతూ ఇరవై రెండేళ్ళకే పెద్దమనిషినైపోయాను.

మా వీధి చివరి నుంచి పొద్దున్నే ఒక సర్కారీ బస్సు బయలుదేరేది. బయలుదేరేది అనడం దాని మీద గౌరవంతో. దాని బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, సెల్ఫు దానితో సహగమనం చేసింది. డిపోలో అడిగితే బడ్జెట్ లేదు, వచ్చే ఏడు చూద్దామనేవారు. ఆ వచ్చే ఏడు కూడా అచ్చం ఈ ఏడులాగే వచ్చేది. వేరే ఊళ్ళో అయితే బండిని ఏ మిట్ట మీదో ఆపుకుని, పొద్దున్నే కిందికి వదిలితే అదే అందుకుంటుంది. మా వాట్‌గంజ్ నేల చాప పరిచినట్టుంటుంది. కాబట్టి జనమే తోయాలి.

రేవు మనుషులు వెనక చేరి 'హైలెస్సా' అందుకునేవారు. ఊడ్పు పనికి వెళ్ళే ఆడవాళ్ళు చీపుర్లు బస్సులో పడేసి, కొంగులు బిగించి వాళ్ళతోపాటు తోసేవారు. వాళ్ళలో అమ్మ కూడా ఉండేది. యాభై దాటిన మనిషి, బస్సు తోసి, రొప్పుతూ ఎక్కి, వెళ్ళి మళ్ళీ రోడ్లు ఊడ్చేది. అమ్మ దర్జాగా కూర్చుని పనికి వెళ్ళాలి, అదొక్కటే నా కోరిక.

అందుకే నాకు తెలిసిన ఇంగ్లీషంతా ఒలకబోసి అర్జీ పెట్టాను. ఏడాదికి జవాబొచ్చింది. మరమ్మతులకు కాస్త డబ్బు మంజూరైందట, ఏ బస్సుకు అవసరమో చూడడానికి వచ్చే సోమవారం ఒక ఆఫీసరు వస్తాడట. పేటంతా నన్ను భుజాలకెత్తుకున్నంత పని చేసింది. నేనక్కడితో ఊరుకోవచ్చు కదా? ఊరుకుంటే బీకాం ఎందుకు?

రవాణాకు నిధులు చాలడం లేదనీ, పాడైన బస్సుల్ని తుక్కు కింద అమ్మేస్తారనీ పేపర్లో చదివాను. ఇక నాకు నిద్ర పట్టలేదు. డ్రైవరు బిమల్‌దా దగ్గరికి పరుగెత్తాను. ఇరవై ఏళ్ళుగా ఆ బస్సుతో కాపరం చేస్తున్న బెంగాలీ మనిషి, మా మధ్య ఉండీ ఉండీ తెలుగు బాగానే పట్టుబడింది.

"ఆ బాబు వచ్చేదే జబ్బు చూడ్డానికి. చచ్చినట్టు పడుండనీ," అన్నాడాయన.

"పెళ్ళిచూపులకి ఎవరైనా పిల్ల కుంటికాలు చూపిస్తారా దాదా? ముందు నచ్చనీండి, సారె తరవాత అడుగుదుం," అన్నాను. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడిగాక, ఆకలి లేదని మూతి తుడుచుకున్నవాడికి ఏ అమ్మ పెడుతుందో ఆలోచించలేదు.

సోమవారానికల్లా బస్సును కడిగి, పసుపు రాసి, బంతిపూల దండ వేయించాను. ఆఫీసరుగారిని ముందు సీట్లో కూర్చోబెట్టి, మట్టి ముంతలో టీ చేతికిచ్చి, వెనక్కి తిరిగే వీలు లేకుండా ఎదురుగా నిలబడి మాటలు మొదలుపెట్టాను. ఆ రోజు ఆడవాళ్ళెవరూ తోయకూడదని కట్టడి చేశాను. అమ్మ చీపురు ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది. బస్సు వెనక ముప్ఫైమంది రేవు మనుషులు నక్కి ఉన్నారు. గొంతు పెగలకూడదని వాళ్ళకు నా ఆజ్ఞ.

బిమల్‌దా ఉత్తుత్తి తాళం తిప్పాడు. వెనకవాళ్ళు తోశారు. పాట లేకుండా తోయడం వాళ్ళు పుట్టి ఎరగరు. ఒకడు ముందు తోస్తే ఒకడు తరవాత తోశాడు, బస్సు ఉయ్యాలలా ఊగింది గానీ కదల్లేదు. టీ ఆఫీసరుగారి చొక్కా మీద పడింది.

"ఊగుతోందేమిటి?" అన్నాడాయన బెంగాలీలో.

"ఇంజను ఒళ్ళు విరుచుకుంటోందండీ," అన్నాను.

ఇంతలో మా మేనమామ అప్పన్నకు ఓపిక నశించింది. వెనక నుంచి ఆయన గొంతు, ఆ వెంటనే ముప్ఫై గొంతులు, 'హైలెస్సా' అని వీధి దద్దరిల్లేలా లేచాయి. బస్సు బాణంలా ముందుకు పోయింది, ఇంజను అందుకుంది. ఆఫీసరుగారి మొహం పాలిపోయింది.

"ఆ నినాదాలు మాకు వ్యతిరేకంగానా, అనుకూలంగానా?" అని మెల్లగా అడిగాడు.

ఊరంతా సమ్మెలూ ఊరేగింపులే అయిన ఆ రోజుల్లో కలకత్తా ఆఫీసరుకు అంతకంటే ముఖ్యమైన ప్రశ్న లేదు. అనుకూలంగానేనని ఒట్టేశాను. ఆయన ప్రాణం కుదుటపడింది. దిగేదాకా బిమల్‌దా ఇంజను ఆపలేదు. ఆఫీసరు దిగుతూ నా భుజం తట్టి, ఇంత చక్కటి బస్సు ఎక్కడా చూడలేదన్నాడు. నేను గర్వంగా అమ్మవైపు చూశాను. అమ్మ తల కొట్టుకుంటోంది.

నెలకు ఉత్తరం వచ్చింది. పేటంతా చేరితే నేనే చదివి వినిపించాను. బస్సు దివ్యంగా ఉన్నందున కొత్త బ్యాటరీ, సెల్ఫు వేరే డిపోకు పంపారట. ఇంత ఆరోగ్యంగా ఉన్న బస్సు రోజుకు రెండు ట్రిప్పులే తిరగడం ప్రజాధనం వృథా కనక, ఇకమీదట నాలుగు తిరగాలట.

మర్నాడు పొద్దున్నే అమ్మ నన్ను లేపి, చెయ్యి పట్టుకుని బస్సు వెనక్కి తీసుకెళ్ళింది.

"పెళ్ళిచూపుల్లో కుంటికాలు దాచినావు కాదేట్రా. మరి కాపరం ఎవులు సేస్తారు? తొయ్యి," అంది.

రెండేళ్ళు తోశాను. నిజం చెప్పొద్దూ, అమ్మ పక్కన భుజం ఆనించి తోస్తూ విన్న కబుర్లు, ఆవిడ రొప్పుతూ నవ్విన నవ్వులు, నా జీవితంలో మరెక్కడా దొరకలేదు. ఆ రెండేళ్ళలో అమ్మ ఎప్పుడూ నాకంటే ముందే చెయ్యి వేసేది.

అప్పటి నుంచీ చీపురు మీద ఒట్టు, సర్కారు మనిషి ఎదుట ఏ లోపమూ దాచను. ఇప్పుడు నేనూ ముసలాణ్ణే. మొన్న పింఛను ఆఫీసులో గుమాస్తా మర్యాదకు "ఎలా ఉన్నారు?" అన్నాడు. అరికాళ్ళ మంట దగ్గర మొదలుపెట్టాను. నా వెనక వరసంతా పక్క కిటికీకి మారిపోయింది, గుమాస్తా రెండుసార్లు టీ తాగి వచ్చాడు. నేనింకా మోకాళ్ళ దగ్గరే ఉన్నాను.