నలభై ఒకటో టవరూ, నాలుగంతస్తుల మెట్లూ

ఎవరికీ పనికిరాకుండా ఏది వెలుగుతున్నా ఆ ఇంజనీరుకి ఒంటిమీద తేళ్లు పాకినట్టుండేది. ఫ్యాను తిరిగితే ఆపేవాడు, లైటు కనబడితే తీసేవాడు, నలుగురు చేరి ఊసుపోక మాట్లాడుకుంటుంటే వాళ్లకీ మీట ఎక్కడైనా ఉందేమోనని వెతికేవాడు. ఆ ఫోన్ల కంపెనీ ఆఫీసులో నాలుగంతస్తులూ ఊడ్చే పెద్దమ్మ అతనికి ఆర్పులాయన అని పేరు పెట్టింది. ఆవిడ చదివింది రెండో తరగతే. పేరు మాత్రం అతనికి బంకలా అతుక్కుపోయింది.

ఆర్పులాయన గెలిచిన పోట్లాట ఆవిడ కళ్లారా చూసింది. టవర్లన్నీ ఇరవైనాలుగు గంటలూ మేలుకుని ఉండక్కర్లేదు, మాట్లాడేవాళ్లు లేని వేళ కొన్నిటిని నిద్రపుచ్చుదామని అతను పథకం గీశాడు. పెద్ద మేనేజరు మండిపడ్డాడు. వాటిని మళ్లీ లేపేదెవరని, ఏ దొంగో తప్పుడు సంకేతం పంపి లేపితే ఏం గతని గంటసేపు బల్ల గుద్దాడు.

"ఇంట్లో పదిమందుంటే పదిమందీ గుమ్మంలో కాపలా కూర్చోరు కదండీ," అన్నాడు ఆర్పులాయన. "ఒకళ్లు మెలకువగా ఉంటే చాలు. తలుపు తట్టినవాడి గొంతు గుర్తుపట్టాకే మిగతావాళ్లని లేపుతారు."

మేనేజరు వినలేదు. పడుకోబెట్టిన మరుక్షణం ఊరంతా మూగబోతుందన్నాడు. అంతలో ఆయన జేబులో ఫోను మోగింది. ఇంటావిడ. ఆయన మాట్లాడి పెట్టేశాక ఆర్పులాయన తాపీగా చెప్పాడు. "మీరు బల్ల గుద్దడం మొదలెట్టినప్పుడే ఈ చుట్టుపక్కల మూడు టవర్లు పడుకున్నాయండీ. అమ్మగారి మాట బాగానే వినబడినట్టుంది."

గెలిచినవాడు గెలిచినట్టు పోక, వెళుతూ వెళుతూ గదిలో ఫ్యాను ఆపేసి పోయాడు. మేనేజరు ఇంకా లోపలే ఉన్నాడు. చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ పెద్దమ్మ చాలా రోజులకి నవ్వింది.

ఆ నవ్వు వారం కూడా నిలవలేదు. కరెంటు లేనప్పుడు ఆఫీసుని నడిపే బ్యాటరీల్లో సగం ఆర్పులాయన పీకించి వ్యానెక్కించాడు. అప్పట్నించీ కరెంటు పోతే లిఫ్టు ఉన్నచోటే ఆగిపోయేది. కరెంటేమో రోజుకి రెండుసార్లయినా పోయేది. మోకాళ్లు అరిగిన మనిషి నీళ్ల బకెట్టుతో నాలుగంతస్తులెక్కేది. మెట్టుకో తిట్టు. తిట్లు అయిపోతే మళ్లీ మొదట్నించి. అతను ఎదురైతే బకెట్టు అందుకుని పైదాకా మోసిపెట్టేవాడు. లిఫ్టు ఆపినవాడికి ఈ మర్యాదొకటా అని దానికీ తిట్టేది.

మూడు నెలల తర్వాత అతని గది ఊడుస్తూ గోడమీద కాగితం చూసింది. తక్కువ మాటలు నడిచే టవర్ల అంకెలు వరసగా ఉన్నాయి. అన్నిటికన్నా పైన నలభై ఒకటి. అంకెలు ఆవిడకి బాగానే వచ్చు. ఊరి చివర, ఆవిడ వీధి మలుపులో ఉన్న టవరు మీద రాసి ఉండేది ఆ అంకే. ఇంట్లో మొగుడు ఆయాసం మనిషి. ఊపిరాడనప్పుడు ఫోను చేసి ఒక్కటే మాట అంటాడు, "రావే" అని. ఆవిడ పరిగెత్తుతుంది.

ఆవిడకి తిట్లు కూడా గుర్తురాలేదు. బకెట్టు తెచ్చి, బల్ల ముందు కూర్చున్న అతని కాళ్ల దగ్గర దించి అడిగింది. "నలభై ఒకటిని పడుకోబెడుతున్నావా నాయనా? మా ఆయన మాట్లాడేది ఒక్క ముక్క. నీ లెక్కకి ఆనదు కాబోలు."

ఆర్పులాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అక్కడ ఉన్నది ఆ ఒక్కటేనండీ పెద్దమ్మా. అది పడుకుంటే లేపడానికి పక్కన ఇంకోటి లేదు. అందుకే దాని జోలికి పోలేదు. కరెంటు పోయినా కునుకు పడకూడదని బ్యాటరీలు కూడా పంపించాను."

"ఏ బ్యాటరీలు?"

అతను లిఫ్టు వైపు చూశాడు.

పెద్దమ్మ కుర్చీలో కూలబడింది. మూడు నెలలుగా మెట్టుమెట్టుకీ దుమ్మెత్తిపోసింది తన మొగుడి ఊపిరి మీదే. తప్పు ఒప్పుకోవడం ఆవిడ ఇంటా వంటా లేదు.

"ముందే చెప్పి ఏడవచ్చుగా," అంది.

"మీరు అడగలేదండీ. తిట్టారంతే." అతను కళ్లజోడు పెట్టుకున్నాడు. "ఒక సాయం చేయండి. అది మేలుకునే ఉందని కంప్యూటరు చెబుతోంది గానీ, దాని మాట నేను పూర్తిగా నమ్మను. రోజూ పొద్దున బయల్దేరే ముందు అక్కడ్నించి నాకు ఫోను చేసి తిట్టండి. ఆ తిట్లు ఇంకెవరికీ రావు కాబట్టి, చేసింది మీరేనని కూడా తెలిసిపోతుంది."

లేచి, ఆవిడ తలమీది ఫ్యాను ఆపబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"కాకపోతే ఒక్క తిట్టే. రెండోది దండగ."