సెలవలకొచ్చిన చుట్టాలు

ఆరేళ్ళుగా మోస్తున్నాను. మా ఆవిడకి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు, అదే ధైర్యం.

ఉక్కునగరంలో నాకు కంపెనీ క్వార్టర్ ఉండేది. వెనక గది సత్తెమ్మకి అద్దెకిచ్చాను. నాలుగిళ్ళలో వంటచేసుకుని బతికే మనిషి. కూతురు ఈశ్వరికి అప్పుడు ఆరేళ్ళు. క్వార్టర్ అద్దెకివ్వకూడదు. తెలిస్తే ఇల్లూ పోతుంది, చార్జిషీటూ వస్తుంది. అందుకే ఆ చిరునామాతో వాళ్ళని రేషన్ కార్డు కూడా తీసుకోనివ్వలేదు. ఎవరడిగినా "సుట్టాలం, సెలవలకొచ్చాం" అనమని ఆ పిల్లకి నేనే నేర్పాను. చిలకలా అప్పజెప్పేది. నవ్వుకునేవాణ్ణి కూడా.

తల్లికి ఒంట్లో బాగోక ఈశ్వరి ఐదో తరగతితోనే బడి మానేసింది. తల్లి పనులు చేస్తూనే పదీ ఇంటరూ ప్రైవేటుగా కట్టి పాసైంది. యూనివర్సిటీలో సీటొచ్చింది. ఫీజు ప్రభుత్వం కట్టాలంటే స్థానికురాలై ఉండాలి. ఐదు తర్వాత బడి కాగితాలు లేవు కాబట్టి, ఏడేళ్ళుగా ఇక్కడే ఉంటున్నట్టు నివాస పత్రం కావాలి. విచారణకి తహసీల్దారు ఆఫీసు నుంచి ఒకాయన మా గుమ్మంలోకొచ్చాడు.

"ఈ అమ్మాయి ఎన్నాళ్ళ నుంచి ఇక్కడుంటందండీ? రాసి సంతకం పెట్టండి సాలు."

సంతకం అనగానే నాకు చార్జిషీటే కనిపించింది.

"సుట్టాలండీ. సెలవలకొచ్చేరు."

ఆయన ఈశ్వరి వైపు తిరిగాడు. "ఏటమ్మా, నిజమేనా?"

ఈశ్వరి నా మొహంలోకి చూసింది. "అవునండి" అంది. "పది రోజులైంది."

ఆయనకి కంపెనీతో ఏం పని? నా సంతకం ఆయన ఫైలు దాటి ఎక్కడికి పోతుంది? భయపడ్డానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను గానీ, పత్రానికి గడువు ఇంకా వారం ఉంది, ఆఫీసుకెళ్ళి నిజం చెప్పొచ్చు, ఆ వారమంతా నేను డ్యూటీకెళ్ళి, వచ్చి, భోంచేసి పడుకున్నాను. అది భయమా? కాదు. స్వార్థం.

పత్రం రాలేదు. సీటు వదులుకుంది. సత్తెమ్మ నన్ను పల్లెత్తు మాట అనలేదు.

ఈశ్వరి ఇప్పుడు గాజువాకలో ఒక బట్టల కొట్లో చీరలు మడతపెడుతోంది. మొన్న మా ఆవిడతో వెళ్తే "కూకోండి బాబాయ్" అని కుర్చీ వేసింది. సిగ్గుతో చచ్చిపోయాను. క్షమించమని అడగలేదు. అడిగితే "పర్లేదు బాబాయ్" అంటుంది. నా కోసం ఆ పిల్ల చేత ఇంకో అబద్ధం ఆడించలేను.

ఇదంతా రాశాక గుండె కొంచెం తేలికపడింది. పడితే మాత్రం, పోయిన సీటు తిరిగొస్తుందా? అయినా ఆ రోజు రాయాల్సింది ఇవాళ రాస్తున్నాను. ఈశ్వరి మా క్వార్టర్లో పదకొండేళ్ళు ఉంది. నేను సాక్షిని.