బొట్టు పడిన మేరకే మన బండి

మా అకౌంటెంటు కామాక్షయ్య గారికి ప్రపంచంలో రెండే కాలాలు: ఈ ఏడు లోపల, ఈ ఏడు దాటినాక. చిల్లకూరు దగ్గర మా ఇసుక గనిలో లారీల కాటా చూసే నేను, నాకు పెళ్లి కుదిరిందని స్వీటు పెడితే, ఆయన నోట్లో వేసుకుని అడిగారు: "ఖర్చు ఈ ఏడు లోపలా, దాటినాకా?"

వాళ్ళావిడ వెంకటశేషమ్మ గారు ఒకసారి నాతో వాపోయారు.

"గాజులడిగితే వచ్చే ఏడు కాలమ్‌లో రాసినాడమ్మా. కాపరానికొచ్చినప్పట్నించీ ఆ కాలమ్‌లోనే ఉండాయి."

మా గనికి ఇసుక తవ్వే ప్రొక్లైన్ లీజు మీద వచ్చింది. ఫైనాన్సు కంపెనీ కొని ఇచ్చింది. వాయిదాలన్నీ తీరాకే అది మాది. ఆ దసరాకి డ్రైవరు మాల్యాద్రి కుంకుమ పళ్ళెంతో బండెక్కబోతే కామాక్షయ్య గారు అడ్డుపడ్డారు.

"ఆగరా! యాడ పెడతా ఉండావు? మనం కట్టింది బకెట్టు వరకే. మిగతాది ఫైనాన్సోళ్ళది. వాళ్ళ బండికి మన కుంకుమెందుకు?"

బకెట్టుకే బొట్టు పడింది. పైగా ఆయన సుద్దముక్కతో, బకెట్టుని మోసే బండి చెయ్యి మీద ఒక గీత గీశారు: ఈ ఏడు లోపల కట్టాల్సింది అక్కడిదాకా. చైను కింద నిమ్మకాయలు కూడా పెట్టనివ్వలేదు, చైను ఇంకా మాది కాదట! పక్క గనులవాళ్ళు పనిగట్టుకుని వచ్చి నవ్విపోయారు. మరుసటి దసరాకి బొట్టు చేతిదాకా పాకింది.

ఆ ఏడు వాన ముంచెత్తింది. గని చెరువైంది, పని ఆగింది. మా ఓనరు విజయభాస్కర్ గారు తల పట్టుకున్నారు.

"మొత్తం బాకీ చూస్తా ఉంటే గుండె ఆగిపోతా ఉండాది. బండి ఎనక్కిచ్చేద్దాం. మాల్యాద్రి వేరే పని చూసుకుంటాడులే."

మాల్యాద్రి గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. వాడి భార్యకి నెలలు నిండాయి.

కామాక్షయ్య గారు మాత్రం జేబులోంచి సుద్దముక్క తీశారు. ఓనరు గారిని బురదలోనే బండి దగ్గరికి నడిపించి, ఇంజను మీద గీత గీశారు.

"బండంతా చూడబాకండి సార్, భయమేస్తాది. గీత దాకా చూడండి. ఈ ఏడు లోపల మనల్ని అడిగేది ఇంతే."

"మరి ఆ మిగతాదో?"

"అది ఏడు దాటినాక. అప్పటికి నీళ్ళు దిగిపోతాయి, బండే సంపాదించుకుంటాది. గీత దాకా కట్టాలంటే గట్టు మీద కుప్పపోసిన ఇసుక అమ్మితే చాలు."

"ఇంతేనా! మొత్తం ఇప్పుడే కట్టాలేమోనని నిద్ర మానేశానయ్యా!"

బండి ఉండిపోయింది. మాల్యాద్రీ ఉండిపోయాడు. వాడికి ఆడపిల్ల పుట్టింది.

మొన్నటి దసరాకి వాయిదాలన్నీ తీరాయి. బకెట్టు నుంచి చైనుదాకా కుంకుమే కుంకుమ, నిమ్మకాయలే నిమ్మకాయలు! ఓనరు గారు మురిసిపోతూ, "ఇప్పుడు అమ్మితే మంచి రేటొస్తాదేమో కామాక్షయ్యా" అన్నారు. అప్పుడే సీటుకి బొట్టు పెట్టబోతున్న మాల్యాద్రి చెయ్యి అక్కడే ఆగింది.

"పెట్టబాకరా. ఆ సీటు మనది కాదు" అన్నారు కామాక్షయ్య గారు.

"అదేందయ్యా, అంతా కట్టేసినాం గదా!"

"బండి కంపెనీది సార్. సీటు మాల్యాద్రిది. అమ్మితే సీటు మినహాయించి అమ్మండి."

సీటు లేని ప్రొక్లైన్‌ని ఏ మహానుభావుడు కొంటాడు? ఓనరు గారు పకపకా నవ్వి, ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ప్రసాదం పంచుతున్న వెంకటశేషమ్మ గారు మాత్రం నా చెవిలో అన్నారు: "ఆ సుద్దముక్క ఒక్కసారి ఇప్పించమ్మా. నా చేతుల మీద కూడా గాజులకి ఒక గీత గీయించుకుంటా."