నీళ్లకూ గీత వచ్చింది

మా కోడలికి కొప్పులో పెన్ను దోపుకునే అలవాటు. కాపురానికొచ్చిన కొత్తలో, "అక్కడ క్లిప్పు పెడతారు గాని పెన్నేంటే?" అని అడిగాను. "చేతులు ఖాళీగా ఉండాలి అత్తయ్యా" అంది. నా చదువు నాలుగో తరగతితో ఆగిపోయినా, పంట తెగుళ్ల ల్యాబులో దాని ఉద్యోగం నాకు బాగా తెలుసు. అనుమానమున్నవాళ్లు వచ్చి అడగండి.

శనగ వేళ్లలో ఉండే బూజుల్లో చేను ఎండగొట్టేది ఒకటి, ఊరికే కాపురముండేది ఒకటి. మైక్రోస్కోపులో రెండూ ఒకేలా కనబడతాయి. చంపేదానికి మాత్రం జన్యువుల్లో ఒక గుర్తుంటుంది, మనిషికి పుట్టుమచ్చలా. వేళ్లు నూరి, ఆ గుర్తుకు లెక్కలేనన్ని నకళ్లు తీస్తే జెల్ పలక మీద గీత పడుతుంది. మొదటి గదిలో నమూనాలు కలపాలి, రెండో గదిలో గీతలు చూడాలి. రెండో గదిలో తాకిన ఏ వస్తువూ మొదటి గదిలోకి రాకూడదు. నకళ్లు అంటుకుని వచ్చాయంటే అన్నీ చెడతాయి.

పోయిన పంటలో ఒక మూల వాలిపోయిన మొక్కల వేళ్లను మా తమ్ముడు అటక మీద పడేసి, తీరా విత్తే వేళకు మా కోడలి దగ్గరికి పట్టుకొచ్చాడు. వాడి బద్ధకం పుట్టుకతో వచ్చింది. ఎండు తెగులే అని తేలితే, మా నాన్న నాటి నుంచి వస్తున్న విత్తనం వదులుకోవాలి, ఆ చేలో ఏళ్ల తరబడి శనగ మాటే ఎత్తకూడదు.

సాయంత్రం కోడలు వచ్చి, కాచుక్కూర్చున్న తమ్ముడి ఎదుట కుర్చీలో కూలబడింది.

"మీ వేళ్లకు గీత వచ్చింది బాబాయ్. కానీ ఉత్త నీళ్లకూ వచ్చింది."

ప్రతిసారీ ఒక ట్యూబులో ఉత్త నీళ్లు పెడతారు. దానికి గీత వచ్చిందంటే పని చెడిందన్నమాట.

"ఇంకా దాపరికమెందుకమ్మాయ్? పోయిందని చెప్పు, ఏడ్చి ఊరుకుంటా."

"నీళ్లకు కూడా ఎండు తెగులొచ్చిందంటారా? ఇది చెల్లదు. ఎక్కడో నేనే అంటించాను."

"నీ కోసం నేలలో పదును ఆగుతుందా?"

"ఆగదు. అలాగని నోటికొచ్చింది చెప్పను."

అంటూనే కొప్పులోంచి పెన్ను తీసింది. తీసి, దానివంకే చూస్తూ ఉండిపోయింది.

"అత్తయ్యా, నిన్న రెండో గదిలో రాసింది దీంతోనే. పొద్దున మొదటి గదిలోనూ..."

"చేతులు ఖాళీగా ఉన్నాయిగా" అన్నాను. ఆ మాట అనకపోతే నాకు అన్నం సయించదు.

మర్నాడు బల్లలన్నీ తుడిచి, కలిపిన మందులన్నీ పారబోసి, ఏ గదికి ఆ గదిలోనే ఒక పెన్ను తాడుతో కట్టేసి, మళ్లీ మొదటి నుంచీ చేసింది. తమ్ముడు మా వరండాలో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు.

సాయంత్రం కోడలు గేటు దగ్గర నుంచే కేకేసింది. "నీళ్లకు రాలేదు! తెగులుందని తెలిసిన పాత నమూనాకు వచ్చింది. మీ వేళ్లకు రాలేదు!"

"విత్తుకోవచ్చా?"

"ఆ బూజు కాదు, అంతవరకే చెప్పగలను. మొక్కలెందుకు వాలాయో నాకు తెలియదు. ఆ మూల నీళ్లు నిలుస్తాయేమో చూసుకోండి."

"అది చెప్పడానికి ఇంత చదువెందుకు?" అన్నాడు గాని, అప్పటికే చెప్పుల్లో కాళ్లు పెట్టేశాడు. అవి నా చెప్పులు. వాటితోనే చేలోకి దిగి విత్తాడట. మొలకలు కూడా వచ్చేశాయి, నా చెప్పులు మాత్రం ఇంకా రాలేదు.