జ్వరం ఎవరింట్లో రావాలి

మా అమ్మాయికి మొదటి ట్రిపుల్ సూది రేపల్లెలో, మా పుట్టింట్లో ఉండగా పడింది. ఒకటిన్నర నెల పిల్ల. ఒకరోజు జ్వరం రావచ్చు, భయపడొద్దని నర్సమ్మ ముందే చెప్పింది. చెప్పినట్టే సాయంత్రానికి పిల్లకు ఒళ్లు వెచ్చబడింది. సరిగ్గా అప్పుడే మా అత్తగారు మనవరాలిని చూడాలని తెనాలి నుంచి రైలు దిగారు.

ఆవిడ పిల్ల నుదుటి మీద చెయ్యి వేసి, "బంగారంలాంటి పిల్లని ఏం చేశారండీ వదినగారూ?" అన్నారు.

ఆ మాట మా అమ్మకు ఎక్కడో గుచ్చుకుంది. నెల తిరిగి రెండో సూది రోజు దగ్గర పడేసరికి నా పెట్టె సర్దేసింది.

"మీ అత్తగారి కళ్లెదురుగానే వేయించుకోవే తల్లీ. వచ్చే జ్వరమేదో వాళ్లింట్లోనే రానీ."

తెనాలిలో మా అత్తగారు తక్కువ తిన్నారా? "పిల్ల వచ్చి వారం కాలేదు, జ్వరం తెప్పించారని మీ అమ్మ నన్నే అంటారు. బాప్తిస్మం కానీ అమ్మాయ్" అన్నారు. సూది కార్డును మా మామగారి పెద్ద బైబిల్లో, కీర్తనల దగ్గర అప్పటిదాకా భద్రంగా పెట్టారు. బాప్తిస్మం అయింది. ఫొటో కూడా తీయించాం. ఆ తర్వాత పిల్లకు జలుబు చేసింది. జలుబు తగ్గేసరికి, "ఎలాగూ బాపట్ల వెళ్తున్నారుగా, మావాడి దగ్గరే వేయించుకోండి" అన్నారు.

మా ఆయన బాపట్లలో గుమస్తా. "ఆఫీసులో ఆడిట్ నడుస్తోంది. జ్వరమొస్తే నువ్వొక్కదానివే ఏం చేస్తావు? రేపల్లె వెళ్లినప్పుడు వేయిద్దాంలే" అన్నారు. అంటే మళ్లీ మొదటికే వచ్చాం. కార్డు మాత్రం నా సంచిలో మూడు ఊళ్లూ తిరిగింది. పాపం, దాన్ని విప్పి చూసినవాళ్లు లేరు.

వీళ్లందరినీ ఆడిపోసుకుంటున్నాను గానీ, నేనేమైనా అమాయకురాలినా? బీఎస్సీ చదివాను. టీకా ఎలా పనిచేస్తుందో పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. అయినా ఎవరైనా "తర్వాత చూద్దాం" అన్నప్పుడల్లా నాకు హాయిగానే ఉండేది. సూది పిల్లకు పడితే ఏడుపు నాకొచ్చేది.

బాపట్లలో మా పక్క వాటాలో అద్దెకున్నవాళ్ల చంటివాడికి, ఆ సూది ఆపాల్సిన కోరింత దగ్గే పట్టుకునేదాకా ఇలాగే గడిచింది. వాడు దగ్గి దగ్గి, ఊపిరందక కూత పెట్టేవాడు. ఓ రాత్రి గోడ ఇవతల నా పిల్లను ఒళ్లో పెట్టుకుని తెల్లవార్లూ అది వింటూ కూర్చున్నాను. మర్నాడు పొద్దున్నే ఎవరినీ అడగకుండా పిల్లను చంకనేసుకుని ఆసుపత్రికి పరిగెత్తాను.

అక్కడి నర్సమ్మ కార్డు తిప్పి చూసింది. "రెండోది ఎక్కడ వేయించారమ్మా?"

"రేపల్లెలో అనుకున్నామండి... తెనాలిలో అనుకున్నామండి..."

"మధ్యలో రైల్లోగాని వేశారా?"

వరుసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. "మళ్లీ మొదటినుంచీ వేయాలాండి?" అని అడిగాను. "అక్కర్లేదు, ఆగినచోటు నుంచే. ఈసారి మాత్రం ఆపకు తల్లీ" అంది.

ఆ సాయంత్రం జ్వరం నా ఇంటికే వచ్చింది. తడిగుడ్డ వేశాను, నర్సమ్మ ఇచ్చిన మందు పట్టాను. మర్నాటికి పోయింది. ఇంతేనా అనిపించి, నామీద నాకే ఒళ్లు మండింది.

జరిగింది తెలిసి, మూడో సూదికి అమ్మా అత్తగారూ చెరో రైల్లో దిగారు. ఎవరి ఒళ్లో పడుకోబెట్టాలన్న పేచీ తెగక పిల్ల ఇద్దరి చేతులూ మారింది. గంటకోసారి థర్మామీటరు పెట్టారు. జ్వరం రాలేదు.

"రాలేదేంటండీ వదినగారూ?" అంది అమ్మ దిగాలుగా.

"మనల్ని చూసి భయపడి ఉంటుందండీ" అన్నారు అత్తగారు.

వాళ్లిద్దరూ పడీపడీ నవ్వుకున్నారు. పక్క వాటాలో పిల్లవాడు ఇంకా దగ్గుతూనే ఉన్నాడు. నేను మాత్రం కార్డు చూస్తూ కూర్చున్నాను. మొదటి సూదికీ రెండోదానికీ మధ్య ఏడు నెలలు. ఆ ఏడు నెలలూ నా పిల్లకు ఆ దగ్గు రాకపోవడంలో మాలో ఎవరి గొప్పా ఏమీ లేదు.